యాసంగి చివర రాళ్లవాన: వరి, బత్తాయి రైతులు ముందుగా చూడవలసినది పంట దశను

మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. నిడమనూరు వైపు సాగర్ ఎడమ కాలువ కింద మీకు నాలుగు ఎకరాల యాసంగి వరి, పైన చెల్కలో మూడు ఎకరాల బత్తాయి తోట ఉన్నాయి. నిన్న సాయంత్రం గాలి దుమారంతో పాటు రాళ్లవాన పడింది. వరిలో రెండెకరాలు కోతకు వచ్చాయి, మిగిలిన రెండెకరాలు ఇంకా పాలు పోసుకుంటున్నాయి. తోటలో కాయలు రాలాయి, కొమ్మలు విరిగాయి. కొల్లాపూర్ దగ్గర మీ బావగారి మామిడి తోట కూడా అదే రోజు దెబ్బతిన్నది. ఇప్పుడే మిషన్ పిలిపించి కోయించాలా, మందుల దుకాణంలో చెప్పిన టానిక్ కొట్టాలా, పరిహారం వస్తుందా, ఇంత ఎండలో మంచుగడ్డలు ఎందుకు పడతాయి, వాటిని ఆపే యంత్రాలు నిజంగా ఉన్నాయా అని మీరు అడిగారు. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగకాలమంతా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే గడిచింది. చెడగొట్టు వానల తరువాత పొలాల్లో తిరిగి పంట నష్టం రాయడం ఆ ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ఈ రోజు కోయించకండి, ఈ రోజు ఏ మందూ కొట్టకండి. ముందు మడి మడికీ, చెట్టు చెట్టుకూ తిరిగి చూడండి. రాళ్లు ఎంత పెద్దవన్నది ముఖ్యమే, కానీ అవి పడిన నాటికి పంట ఏ దశలో ఉన్నదన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే వాన, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు మడులలో ఒకదానిని పూర్తిగా ముంచి, రెండవదానిని దాదాపు వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. మీ రెండు తుంపులకూ ఒకే వైద్యం చేస్తే ఏదో ఒకచోట నష్టపోతారు.

పొలంలోకి దిగే ముందు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గాలి దుమారం తరువాత బోరు మోటారు దగ్గర స్టార్టర్ డబ్బాలు తడిసి ఉంటాయి, తీగలు వేలాడుతుంటాయి, విరిగిన స్తంభాలు పంటలో పడి పైకి కనిపించవు. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపినట్టు నిర్ధారించే వరకు తడి నేలలో తీగ దరిదాపులకు పోవద్దు. ఇటువంటి వాతావరణం ఒకసారి ఏర్పడితే వరుసగా రెండు మూడు సాయంత్రాలు ఉరుములు రావడం మామూలే. అందువల్ల మధ్యాహ్నం మూడు గంటలు దాటాక ఆకాశాన్ని గమనిస్తూ ఉండాలి. ఉరుము వినపడిందంటే పిడుగు అందుబాటు దూరంలోకి వచ్చినట్టే. చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి గానీ, తలుపులు మూసిన కారులోకి గానీ పోవాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ దగ్గరలో పడుతున్న పిడుగుల సమాచారం ఇస్తుంది. దానిని ఇంట్లో ఒకరి ఫోన్‌లోనైనా పెట్టుకోండి.

ఇంత ఎండలో మంచు ఎట్లా పడుతుందన్న ప్రశ్నకు వస్తే, ఆ ఎండే దానికి ఇంధనం. మార్చి నుంచి మే వరకు మన నేల బాగా కాగుతుంది. విదర్భ, మరాఠ్వాడా వైపు నుంచి తెలంగాణ, కర్ణాటక లోపలి భాగాల మీదుగా తమిళనాడు దాకా గాలుల దిశ మారే ఒక ద్రోణి తరచుగా ఏర్పడుతుంది. టీవీలో వాతావరణ వార్తలు చెప్పేవారు ‘ద్రోణి ప్రభావం’ అని అంటున్నది దీని గురించే. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమ గాలి కింది భాగంలో చేరుతుంది, పైన మాత్రం పడమటి నుంచి వచ్చే పొడి చల్లని గాలి ఉంటుంది. కింద వేడి తేమ గాలి, పైన చల్లని పొడి గాలి ఉన్నప్పుడు కింది గాలి విపరీతమైన వేగంతో పైకి లేస్తుంది. మధ్యాహ్నం వరకు తెల్లగా ఉన్న మబ్బు రెండు మూడు గంటల్లో పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న క్యుములోనింబస్ మేఘంగా మారుతుంది. మన ప్రాంతంలో ఏప్రిల్ నెలలో సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తులోనే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు పడిపోతుంది. అంటే ఆ మేఘంలో సగానికి పైగా భాగం గడ్డకట్టే చలిలో ఉంటుంది.

అక్కడ నీటి బిందువులు సున్నాకు దిగువన కూడా చాలాసేపు నీరుగానే ఉంటాయి. ఒక చిన్న మంచు పలుకు వాటికి తగిలితే, తగిలిన ప్రతి బిందువూ దాని మీదనే గడ్డకడుతుంది. పైకి లేచే గాలి ఆ పలుకును మోయగలిగినంత కాలం అది మేఘంలోనే ఉండి పొర మీద పొరగా పెరుగుతుంది, బరువు మించాక పడిపోతుంది. పెద్ద రాయి పడిందంటే పైకి లేచే గాలి అంత బలంగా ఉన్నదని అర్థం. వానాకాలంలో మనకు ఇంతకన్నా ఎక్కువ మబ్బులే ఉంటాయి, కానీ వడగళ్లు చాలా అరుదు. అప్పుడు గాలి పొరలన్నీ తేమతో, కొంత వెచ్చగా ఉంటాయి, గాలి పైకి లేచే వేగం తక్కువ. ఏర్పడిన చిన్న పలుకులు కిందికి వచ్చేలోగా కరిగిపోతాయి.

రాయి అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు అవుతుంది, పడే వేగం కూడా పెరుగుతుంది. సెంటీమీటరు లోపు రాళ్లు ఆకును చించి వదిలేస్తాయి, చిన్న నిమ్మకాయంత రాళ్లు సిమెంటు రేకులను కూడా పగలగొడతాయి. దానికి తోడు గంటకు యాభై, అరవై కిలోమీటర్ల గాలి ఉంటే రాయి ఏటవాలుగా వచ్చి కంకిని పక్క నుంచి కొడుతుంది, అందుకే గాలి లేని రాళ్లవాన కన్నా గాలితో కూడినది వరికి ఎక్కువ ప్రమాదకరం. మన ఉపఖండంలో ఇవి ఎంత తీవ్రంగా ఉండగలవో తెలియడానికి రెండు విషయాలు చాలు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ప్రాంతంలో వడగళ్ల వల్ల 246 మంది చనిపోయారు. 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో 1.02 కిలోల బరువున్న వడగల్లు పడింది. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డులలో ఇప్పటికీ ఇవే మొదటి స్థానంలో ఉన్నాయి.

మీ పొలంలో పడి పక్క ఊళ్లో పడకపోవడంలోనూ వింత లేదు. మేఘంలో రాళ్లు దిగే భాగం కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. మేఘం కదిలిన దారిలో అది ఒక పట్టీలాగా పడుతుంది. అందుకే వాతావరణ శాఖ జిల్లా మొత్తానికి ఆరెంజ్ హెచ్చరిక ఒకటి రెండు రోజుల ముందు ఇవ్వగలదు గానీ, ఫలానా ఊరి మీద పడుతుందని చెప్పడం రాడార్‌లో మేఘం కనిపించిన తరువాత, రెండు మూడు గంటల ముందు మాత్రమే సాధ్యం. ఆ స్వల్పకాలిక హెచ్చరికను చూసే అలవాటు చేసుకుంటే కల్లంలోని వడ్ల మీద పట్టాలు కప్పడానికి, పశువులను కొట్టంలోకి తోలడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

ఇక మీ వరి విషయం. కోతకు వచ్చిన రెండెకరాలలో ఎంత రాలిందో కంటితో అంచనా వేయకండి. నేల మీద గింజలు పరచుకుని కనిపిస్తే మనసు చెదిరి అంతా పోయిందనిపిస్తుంది, నిజానికి చాలాసార్లు సగానికి పైగా కంకిలోనే మిగిలి ఉంటుంది. నాలుగు కర్రలతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చట్రం కట్టి, మడిలో గట్లకు దూరంగా నాలుగైదు చోట్ల వేసి, ఆ చట్రం లోపల రాలిన గింజలను ఏరి లెక్కపెట్టండి. ఎంటీయూ 1010 వంటి దొడ్డు రకాలలో వెయ్యి గింజల బరువు సుమారు 23 గ్రాములు ఉంటుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కనుక చదరపు మీటరుకు వెయ్యి గింజలు రాలి ఉంటే ఎకరానికి 90 కిలోలకు కొంచెం పైగా పోయినట్టు. తెలంగాణ సోనా వంటి సన్న రకమైతే గింజ బరువు అందులో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది కాబట్టి అదే లెక్కకు 50 కిలోల పైచిలుకు వస్తుంది. మీ పొలం ఎకరానికి 25 క్వింటాళ్లు ఇచ్చేదనుకుంటే, దొడ్డు రకంలో చదరపు మీటరుకు తొమ్మిది వేల గింజల దాకా రాలితేనే మూడో వంతు పోయినట్టు. ఈ మూడో వంతు పరిహారం దగ్గర మళ్లీ అవసరమవుతుంది కనుక లెక్కను తారీఖుతో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి.

లెక్క తేలాక, మడిలో నిలిచిన నీళ్లను గండి కొట్టి తీసేయండి. కంకి తడి ఆరే వరకు, అంటే ఎండ కాస్తే ఒకటి రెండు రోజులు ఆగి, నేల కాస్త గట్టిపడ్డాక కోయించండి. నేల పదునుగా ఉంటే టైరు మిషన్ కాకుండా చైన్ మిషన్ తెప్పించాలి. తడి మీద కోస్తే మిషన్‌లో గింజ మరింత పోతుంది, వచ్చిన వడ్లలో తేమ కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి చాలా పైన ఉంటుంది, కల్లం మీద రోజుల తరబడి ఆరబోయవలసి వస్తుంది. ఆ ఆరబోసిన వడ్లే మరుసటి వానకు దొరుకుతాయి. ఈ వరుస మన జిల్లాలో ఏటా చూస్తున్నదే. మరోవైపు, మబ్బులు వీడకుండా చినుకులు కొనసాగితే పడిపోయిన పంటలో కంకి మీదనే గింజ మొలకెత్తుతుంది. అటువంటప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున, అంటే 200 లీటర్లకు 10 కిలోల కళ్లుప్పు కలిపి కంకులు తడిసేటట్టు పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది. ఇట్లా కంకి మీదనే మొలకెత్తే స్వభావం కొన్ని రకాలలో ఎక్కువ, నిద్రావస్థ, అంటే పండిన తరువాత కొన్నాళ్లు మొలవని గుణం, ఉన్న రకాలలో తక్కువ. మీ రకం సంగతి విత్తనం ఇచ్చినవారిని అడగండి.

కొనుగోలు కేంద్రానికి తీసుకుపోయే వడ్లలో రంగు మారినవి, దెబ్బతిన్నవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదన్నది నాణ్యతా ప్రమాణం. అందువల్ల నేలకొరిగి బురద అంటిన భాగాన్ని విడిగా కోయించి విడిగా ఆరబోయండి. అంతా ఒకే కుప్పగా చేస్తే మంచి వడ్లకు కూడా తరుగు పడుతుంది. సన్న వడ్లు వేసినవారు మన వైపు పచ్చి వడ్లనే కోసిన రోజే మిర్యాలగూడ మిల్లులకు తరలిస్తుంటారు. కల్లం ప్రమాదం తప్పుతుంది కనుక అది మంచి మార్గమే. కానీ రాళ్లవాన హెచ్చరిక వచ్చిన వారంలో అందరి ట్రాక్టర్లూ ఒకేసారి మిల్లుల ముందు బారులు తీరుతాయి, ధర దిగుతుంది. తొందరపడి ఆ వరుసలో నిలబడే ముందు, మీ పంటకు నిజంగా తొందర ఉన్నదా అన్నది చట్రం లెక్కతో తేల్చుకోండి.

పాలు పోసుకుంటున్న రెండెకరాలది వేరే కథ. అక్కడ గింజ రాలదు, కంకి మెడ విరుగుతుంది, ఆకు చీలుతుంది. మెడ పూర్తిగా విరిగిన కంకి తాలు అవుతుంది, దానికి చేయగలిగింది లేదు. పడిపోయిన పైరును నాలుగైదు కుదుళ్లు కలిపి పైకి కట్టించగలిగితే గాలి ఆడి గింజ నిండుతుంది, కూలీ ఖర్చు ఎక్కువ కనుక మొత్తం పొలానికి కాకుండా బాగా ఒరిగిన చోట మాత్రమే చేయించండి. చీలిన ఆకుల ద్వారా బాక్టీరియా ఎండాకు తెగులు చేరుతుంది. ఆకు అంచుల వెంట పసుపు ఎండు చారలు కనిపిస్తే యూరియా జోలికి పోకండి, నత్రజని దానికి మేత అవుతుంది. దెబ్బ తగిలిన గింజ మీద నల్ల మచ్చలు రాకుండా, తడి ఆరాక ప్రోపికోనజోల్ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున ఒకసారి కొడితే చాలు. ఈ దశలో మూడింట రెండు వంతుల కంకులు నిలిచి ఉంటే పంట వదిలేయవద్దు. చివరకు వచ్చే దిగుబడి చాలామంది అనుకున్నదానికన్నా మెరుగ్గా ఉంటుంది.

రాలిన వడ్ల గురించి ఒక మాట చెప్పాలి, దీనిని చాలామంది పట్టించుకోరు. ఆ గింజలు నేలలోనే ఉండి వానాకాలంలో మీరు నాటిన రకంతో పాటు మొలిచి కేళీలు, అంటే పంటలో కలిసిన వేరే రకం మొక్కలు, అవుతాయి. విత్తనం కోసం పండించేవారికి ఇది పెద్ద దెబ్బ. కోత అయ్యాక ఒక తడి పెట్టి మొలవనిచ్చి, దున్నించేయండి. బాతుల మందలవారు వస్తే పొలంలో దించనివ్వండి, అవి గింజలను బాగా ఏరుకుంటాయి.

బత్తాయి తోటకు మరింత ఓపిక కావాలి. వరిలో నష్టం ఈ పంటతో పోతుంది, తోటలో సరిగా చూడకపోతే మూడు నాలుగేళ్లు వెంటాడుతుంది. మీ చెట్ల మీద ఇప్పుడు రెండు రకాల కాయలు ఉండి ఉంటాయి: కోతకు సిద్ధంగా ఉన్న కత్తెర కాయ, జనవరి, ఫిబ్రవరి పూతతో నిలిచిన చిన్న పిందెలు. కత్తెర కాయకు తొక్క మీద మాత్రమే దెబ్బ ఉంటే రెండు మూడు రోజుల్లో కోసి విడిగా అమ్మేయండి. తొక్క చిరిగి రసం కారుతున్న కాయ మంచి కాయలతో కలిస్తే బస్తాలోనే బూజు పట్టి మిగతావాటిని పాడు చేస్తుంది. పిందెకు తగిలిన చిన్న దెబ్బ గోధుమ రంగు మచ్చగా మానిపోతుంది. కాయ పెరుగుతుంది, ధర తగ్గుతుంది గానీ తినడానికి లోటుండదు. లోతుగా తగిలినవి పది పదిహేను రోజుల్లో వాటంతట అవే రాలిపోతాయి, కనుక పిందె లెక్క ఈ రోజు వేయకండి. రాలిన కాయలన్నీ ఏరి తోట బయట గుంత తీసి పూడ్చాలి.

విరిగిన కొమ్మలను వేలాడనివ్వకుండా, మంచి కణుపు వరకు రంపంతో నున్నగా కోసి, కోత మీద బోర్డో పేస్టు పూయండి. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం విడివిడిగా నానబెట్టి పది లీటర్ల నీటిలో కలిపితే పేస్టు తయారవుతుంది. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్ర వాడాలి, ఇనుప పాత్ర వద్దు. గాలి ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపు కొమ్మల బెరడు మీద రాళ్లు చేసిన గాట్లు వరుసగా కనిపిస్తాయి. వాటి గుండానే గజ్జి తెగులు, బంక తెగులు చొరబడతాయి. చెట్లు ఆరాక, రెండు మూడు రోజుల లోపు, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున కొమ్మలు, కాండం బాగా తడిసేటట్టు కొట్టండి. పదిహేను రోజులకు మరోసారి కొట్టండి. పాదుల్లో నీరు నిలిస్తే వేరు కుళ్లు, దాని వెనుక బంక తెగులు ఖాయం, అందుకని ముందు కాలువలు తీయండి.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఎండ గురించి. రాళ్లు ఆకును రాల్చాయి. ఇప్పటివరకు ఆకు నీడలో ఉన్న బెరడు మీద మే నెల ఎండ నేరుగా పడుతుంది. నల్లగొండ ఎండ ఎటువంటిదో మీకు చెప్పనక్కరలేదు. వడగళ్ల తరువాత చెట్టు ఎండిపోయిందని నాకు చూపించిన తోటల్లో చాలావరకు రాళ్ల దెబ్బతో కాదు, ఆ తరువాతి నెలలో పడమటి వైపు బెరడు మాడి చీలి ఎండిపోయాయి. ఆకు సగానికి పైగా రాలిన చెట్లకు కాండానికీ, బయటపడిన లావు కొమ్మలకూ సున్నం పూయించండి. ఖర్చు స్వల్పం, ఫలితం స్పష్టం. పాదుల్లో ఎండుగడ్డి గానీ వరి ఊక గానీ పరిచి తేమ నిలపండి. ఆకు పోయిన చెట్టుకు నీటి అవసరం కొన్నాళ్లు తక్కువే, ఎక్కువ పెడితే వేరు దెబ్బతింటుంది. కొత్త చిగురు వచ్చాక క్రమంగా పెంచండి. ఆ లేత చిగురు మీద ఆకు తొలుచు పురుగు తప్పక వస్తుంది, అది చేసిన గాయాల్లో గజ్జి పెరుగుతుంది, కనుక చిగురు మీద కన్నేసి ఉంచాలి. ఆకు బాగా పోయిన చెట్టు మీద పిందెలు ఎక్కువగా మిగిలితే కొంత దులిపేయండి. చేతికి వచ్చిన కాయను రాల్చమనడం కష్టంగా వినిపిస్తుందని నాకు తెలుసు, కానీ ఆకు లేని చెట్టు ఆ బరువును మోయబోతే వచ్చే ఏడాది పూతే రాదు.

బావగారి మామిడికి ఇదే సూత్రం కొంత సులువుగా వర్తిస్తుంది. మామిడి చెట్టు త్వరగా కోలుకుంటుంది, పోయేది ఈ ఏటి కాయే. ముదిరిన కాయలో దెబ్బ తగిలినది రెండు మూడు రోజుల్లో నల్లబడి మెత్తబడుతుంది కనుక, దానిని వెంటనే కోసి పచ్చడి కాయగా అమ్మడం మేలు. దెబ్బ లేని కాయను మాత్రం భయంతో లేతగా కోసి బాటసింగారం మార్కెట్‌కు తరలించవద్దు. నిలిచిన కాయకు మచ్చ తెగులు రాకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి చాలు, కోతకు ఎన్ని రోజులున్నాయో చూసుకుని కొట్టాలి.

దుకాణంలో చెప్పిన టానిక్కులు కొనవద్దు. దెబ్బతిన్న ఆకు మందు తీసుకోలేదు, మొదటి వారంలో మొక్కకు కావలసింది గాయం మానడం మాత్రమే. తోటకు కొత్త చిగురు విచ్చుకున్నాక 13-0-45 ఎరువును లీటరుకు 10 గ్రాములు కలిపి కొట్టుకోవచ్చు, అంతకు మించి అవసరం లేదు. రాగి మందుతో, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో, దానిని కలపకండి. మేఘాల్లోకి శబ్దం పంపి రాళ్లను ఆపుతాయని అమ్ముతున్న ఫిరంగుల వంటి యంత్రాలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టం చేసింది. ఆ శబ్దం కన్నా ఎన్నో రెట్ల ఉరుము ఆ మేఘంలోనే పుడుతున్నది. నిజంగా పనిచేసేది హిమాచల్ ఆపిల్ తోటల్లో కప్పుతున్న వలలే. కూరగాయల నారు, పందిరి తోటల వంటి చిన్న విస్తీర్ణానికి అవి మన దగ్గర పనికివస్తాయి గానీ, ఎదిగిన బత్తాయి తోట మీద కప్పడం ఖర్చు రీత్యా గిట్టుబాటు కాదు.

పరిహారం విషయంలో ఆశను, నిబంధనను విడదీసి చూడాలి. వడగళ్లు రాష్ట్ర విపత్తు సహాయ నిధి జాబితాలో ఉన్న విపత్తే. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించిన కేంద్ర నిబంధనల ప్రకారం, పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించితే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, బత్తాయి, మామిడి వంటి బహువార్షిక తోటలకు 22,500 చొప్పున, గరిష్ఠంగా రెండు హెక్టార్లకు ఇచ్చేవారు. ఎకరం లెక్కన వరికి సుమారు 6,900, తోటకు 9,100 రూపాయలు వచ్చేవి. 2023 మార్చి వడగళ్ల తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించింది. అటువంటిది ఆయా సమయంలో ప్రభుత్వం తీసుకునే నిర్ణయం, నిబంధనగా వచ్చేది కాదు. ఏది వచ్చినా సర్వే జాబితాలో మీ పేరు ఉండాలి. ఈ రోజే మీ క్లస్టర్ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పండి, తోటల కోసం ఉద్యాన అధికారికి కూడా చెప్పండి. తేదీ, స్థలం కనిపించేటట్టు ఫోటోలు తీయండి. అధికారి చూసే వరకు ఆ పంటను దున్నించవద్దు, కోయక తప్పకపోతే ప్రతి మడిలో ఒక మూల కొంత వదిలిపెట్టండి. పంట నమోదులో ఎవరి పేరు ఉన్నదన్నది కౌలు రైతులకు కీలకం, సాగు చేస్తున్నది తామేనని సర్వే సమయంలోనే రాయించుకోవాలి. కేంద్ర పంటల బీమా నుంచి రాష్ట్రం 2020లో వైదొలిగింది. మీ దగ్గర ఎప్పుడు అమలులో ఉన్నా, ఆ పథకంలో వడగళ్ల నష్టాన్ని 72 గంటల లోపు తెలియజేయాలన్న షరతు గుర్తుంచుకోండి. మీ ఊరి గొల్ల, కురుమ సోదరుల మందల్లో జీవాలు చనిపోయి ఉంటే పూడ్చే ముందు పశువైద్యుడితో పరీక్ష చేయించి కాగితం తీసుకోమనండి. అవే నిబంధనల్లో గొర్రెకు, మేకకు 4,000 రూపాయల చొప్పున సహాయం ఉండేది.

చివరిది, వచ్చే యాసంగి గురించి. మన వరి ఏప్రిల్ రెండవ, మూడవ వారాల్లో కోతకు రావడమే అసలు చిక్కు, రాళ్లవానలు ఎక్కువగా పడేది కూడా మార్చి మధ్య నుంచి మే వరకే. 2023లో జరిగిన నష్టం తరువాత రాష్ట్ర ప్రభుత్వం కూడా యాసంగి కోతలు మార్చి చివరకు పూర్తయ్యేటట్టు సాగు కాలాన్ని ముందుకు జరపాలని చెప్పింది. 120, 125 రోజుల రకాన్ని నవంబరు 20 లోపు నారు పోసి, డిసెంబరు 25 లోపు నాటు ముగిస్తే, చలికి కొన్ని రోజులు ఆలస్యమైనా మార్చి ఆఖరుకు మిషన్ దిగుతుంది. నారు పోయకుండా డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తితే మరో వారం, పది రోజులు కలిసి వస్తాయి. మార్చిలోనే వడగళ్లు పడిన ఏళ్లు ఉన్నాయి కనుక ఇది పూర్తి రక్షణ కాదు, ప్రమాదం ఉన్న రోజులను తగ్గించడం మాత్రమే.

దీనికి రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది చలి. డిసెంబరులో నారు పసుపు రంగుకు తిరిగి ఎదగదు. సాయంత్రం నారుమడికి నీళ్లు పెట్టి పొద్దున తీసేయడం, రాత్రిళ్లు ప్లాస్టిక్ పట్టా కప్పడం, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కొట్టడం చేస్తే నారు నిలుస్తుంది. ఆదిలాబాద్‌తో పోలిస్తే మన దక్షిణ జిల్లాల్లో ఈ ఇబ్బంది చాలా తక్కువ. రెండవది కాలువ నీరు, ఇది ఒక్క రైతు చేతిలో లేదు. కృష్ణలో వరద ఆలస్యమై సాగర్ నుంచి నీరు ఆలస్యంగా వదిలితే వానాకాలం నాటు, కోత, ఆ వెనుక యాసంగి నాటు అన్నీ వెనక్కి జరుగుతాయి. అయినా మీకు చెల్క మీద బోరు ఉన్నది. జూన్‌లో కాలువ కోసం ఎదురుచూడకుండా ఆ బోరు కింద వానాకాలం నారు పోసి ఉంచుకుంటే, నీరు వదిలిన వారంలోనే నాటు పడుతుంది. అక్కడ కలిసివచ్చిన మూడు వారాలు యాసంగి కోతలోనూ కలిసివస్తాయి. మీ తూము కింద ఉన్న రైతులందరూ ఒకే వారంలో నాటుకుంటే కోత మిషన్లు కూడా ఒకేసారి దొరుకుతాయి. వచ్చే జూన్ మొదట్లోనే రైతు వేదికలో మీ ఏఈఓతో కూర్చుని ఆ తేదీలు తేల్చుకోండి.